గోడ లెక్క గోడతో తెగదు

పాఠకుల ప్రశ్నలు – ఒక రిటైర్డ్ ఇరిగేషన్ ఇంజినీరు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సరిహద్దు గోడల గురించే. దేవరకొండ నుంచి ఒకటి, పాలమూరు నుంచి ఒకటి, సాగర్ హిల్ కాలనీ నుంచి ఇంకొకటి. అందుకే ఈ పక్షం ఎరువులు, బోర్లు, ఇంటి ప్లాన్ల ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తున్నాను. నేను సాగర్ ఎడమ కాల్వ మీద 31 ఏళ్లు పనిచేసి మిర్యాలగూడలో రిటైరయ్యాను. ఎస్టిమేట్లు రాశాను, పని కొలతలు రాసే ఎంబీ బుక్కులు నింపాను, గోడలు కట్టించాను, కట్టించిన గోడను పగులగొట్టించాను కూడా. నాకు తెలిసిన దారిలోనే చెబుతాను.

ప్రశ్న: పెద్దసారుకు నమస్కారం. దేవరకొండ బస్టాండు దగ్గర టీ హోటల్‌లో రోజూ పొద్దున మాకు ఇదే పంచాయితీ. మెక్సికో సరిహద్దున గోడ కోసం అమెరికా మన లెక్కన నాలుగు లక్షల కోట్లు పెడుతోందట. "ఇల్లన్నాక ప్రహరీ ఉండొద్దా? ఎంతైనా పెట్టాల్సిందే" అంటాడు నా దోస్తు. "నిచ్చెన వేసుకొని దిగేటోనికి గోడ ఏం అడ్డం?" అంటాను నేను. ఇద్దరిలో ఎవరి మాట కరెక్టు?
– కిరాణా వ్యాపారి, దేవరకొండ

జవాబు: ముందు మీ లెక్క సరిచూద్దాం. 2025 జులై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన చట్టంలో గోడకు 4,650 కోట్ల డాలర్లు కేటాయించారు. డాలరుకు 86 రూపాయలు వేసుకున్నా 4 లక్షల కోట్ల దగ్గరికొస్తుంది. మన తెలంగాణ 2025-26 బడ్జెట్ మొత్తం 3,04,965 కోట్లు. జీతాలు, పింఛన్లు, రైతు భరోసా, ప్రాజెక్టులు, బడులు, దవాఖానాలు అన్నీ కలిపి మన రాష్ట్రం ఏడాదికి పెట్టే ఖర్చు కంటే ఆ గోడ పద్దు పెద్దది.

ఇప్పుడు మా తోటకు రండి. గుర్రంపోడు దగ్గర మా నాన్న ఇచ్చిన నాలుగెకరాల బత్తాయి ఉంది. అడవి పందులు రాత్రిపూట వచ్చి పాదులు తవ్వుతున్నాయి, డ్రిప్పు పైపులు కొరుకుతున్నాయి. మూడేళ్ల కింద కంచె వేయించాను. చుట్టుకొలత 510 మీటర్లు. ఎనిమిది అడుగులకొక కడీ (కంచె స్తంభం) చొప్పున 210 కడీలు, మూలలకూ గేటుకూ ఊతం కోసం ఇంకో పదహారు. ఐదు వరుసల ముళ్లతీగ. గుంత తీసి, కడీ నిలబెట్టి, తీగ లాగిన కూలీ. అన్నీ కలిపి లక్షా 38 వేలు. కాగితం మీద రాసుకున్న ఎస్టిమేటు లక్షా 20 వేలే, ఒకచోట రాయి తగిలి కంప్రెషర్ పెట్టించాల్సి వచ్చింది.

అసలు ఖర్చు ఆ తర్వాత మొదలైంది. మా తోట కింది మూలన ఒక ఒర్రె పోతుంది. మొదటి వానాకాలం ఒర్రెకు నీళ్లొచ్చినప్పుడు కంపా చెత్తా వచ్చి తీగకు తట్టుకుంది. నీళ్లు ఆగి, బరువు పెరిగి, ఏడు కడీలు ఒక్కసారి ఒరిగాయి. పందులకు దారి దొరికింది. ఇప్పుడు ఏటా జూన్‌లో ఆ మూలన కింది రెండు వరుసల తీగ విప్పడం, వానలు వెనకబట్టాక మళ్లీ కట్టడం. విప్పి ఉన్నన్నాళ్లూ అక్కడ మంచె మీద మనిషి పడుకోవాల్సిందే. మరమ్మతుకూ కావలికీ కలిపి ఏటా పాతిక వేలు దాటుతోంది. ఐదారేళ్లలో కంచె ధరను కావలి ఖర్చు మించిపోతుంది.

అమెరికా వాళ్లు కడుతున్నదీ కంచె లాంటిదే. మన ప్రహరీలా నిండుగా ఉండదు. లోపల కాంక్రీటు నింపిన ఇనుప స్తంభాలు వరుసగా పాతి, మధ్యలో నాలుగంగుళాల సందు వదులుతారు. ఎత్తు 18 నుంచి 30 అడుగులు. అరిజోనా ఎడారిలో వానాకాలం ఒర్రెలు పొంగుతాయి కాబట్టి ఆ చోట్ల గోడకు గేట్లు పెట్టి వరదల కాలంలో తెరిచి ఉంచుతారు. మూస్తే గోడ కొట్టుకుపోతుంది, తెరిస్తే మనిషి నడిచిపోతాడు. 2008 జులైలో నోగాలెస్ అనే సరిహద్దు పట్నంలో వాననీటి సొరంగానికి అడ్డంగా కట్టిన కట్టడం వల్ల వరద ఊళ్లోకి తన్నింది. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా కింది మూల కళ్ల ముందు కనిపించింది. నీటి దారి చూడకుండా ఎక్కడ ఏం కట్టినా అంతే.

ఇక రేటు చూడండి. ఆ సరిహద్దు పొడవు సుమారు 3,145 కిలోమీటర్లు. 2006లో బుష్ కాలంలో కంచె చట్టం చేశారు. అప్పట్లో మనిషిని ఆపే కంచెకు సగటున మైలుకు 39 లక్షల డాలర్లు పడిందని 2009లో వాళ్ల ఆడిట్ సంస్థ తేల్చింది. చాలా చోట్ల వేసింది మనుషుల్ని ఆపేది కాదు, బండ్లను మాత్రం ఆపే దిమ్మెలు. ట్రంప్ మొదటి పాలనలో 738 మైళ్లకు దాదాపు 1,500 కోట్ల డాలర్లు సమకూర్చారు. భాగిస్తే మైలుకు 2 కోట్ల డాలర్లు, మన లెక్కన కిలోమీటరుకు నూరు కోట్ల పైమాట. పదేళ్లలో రేటు ఐదింతలు. 2021 జనవరి నాటికి పూర్తయినవి 458 మైళ్లు. వాటిలో ఎక్కువ భాగం పాత కంచె తీసి దాని స్థానంలో వేసినవే, అంతకు ముందు ఏమీ లేని చోట కొత్తగా వేసింది కొద్దిగానే. ఈ డబ్బు కోసమే 2018 డిసెంబర్ 22 నుంచి 35 రోజులు వాళ్ల ప్రభుత్వ ఆఫీసులు మూతపడ్డాయి. అడిగింది 570 కోట్ల డాలర్లు.

రేటు ఎందుకు పెరుగుతుంది అంటే, తేలిక చోటు ముందు అయిపోతుంది. చదును నేల, సర్కారు భూమి, రోడ్డు ఉన్నచోటు మొదట కడతారు. మిగిలేది కొండ, వాగు, పట్టా భూమి. టెక్సాస్‌లో సరిహద్దు వెంట భూమి చాలావరకు రైతులది, ప్రైవేటుది. భూసేకరణ, కోర్టు, నష్టపరిహారం. డిండి ఎత్తిపోతల కింద భూములిచ్చిన మీ దేవరకొండ వాళ్లకు ఈ ముచ్చట నేను విప్పి చెప్పనక్కర్లేదు. పైగా అక్కడ సరిహద్దు రియో గ్రాండే నది నడుమ. నదిలో గోడ కట్టలేరు కదా, ఒడ్డుకు లోపల కడతారు. అప్పుడు కొంతమంది రైతుల పొలం గోడకు అవతల పడుతుంది. తన దేశంలోనే తన చేనుకు పోవడానికి గేటు తాళం అడుక్కోవాలి.

ఇనుము కాకుండా కెమెరాలతో, రాడార్లతో "కనిపించని కంచె" వేద్దామని కూడా చూశారు. అరిజోనాలో 53 మైళ్లకు దాదాపు 100 కోట్ల డాలర్లు పోశాక, 2011 జనవరిలో ఆ పథకం రద్దు చేశారు.

సరే, ఖర్చు అలా ఉంచుదాం. ఆపుతుందా, ఆపదా?

మీ దోస్తు మాటలో నిజం ఉంది. ఊళ్లు ఒకదానికొకటి ఆనుకొని ఉన్నచోట గోడ పనిచేస్తుంది. 1994 నుంచి శాన్ డియాగో దగ్గర కంచె గట్టిచేసి, బలగాలను పెంచాక అక్కడ దాటేవాళ్లు బాగా తగ్గారు. గోడ లేకుంటే మనిషి ఒక్క నిమిషంలో సందుల్లో కలిసిపోతాడు, గోడ ఉంటే కావలివాడికి ఇంకో పది నిమిషాలు దొరుకుతాయి. గోడ ఇచ్చేది ఆ పది నిమిషాలే. ఆ పది నిమిషాల్లో వచ్చి నిలబడేందుకు మనిషి ఉన్నాడా అన్నదే లెక్క. ఇజ్రాయెల్ ఈజిప్టు సరిహద్దున కట్టిన కంచె బాగా పనిచేసింది. 2011లో 17 వేల మంది పైచిలుకు దాటితే, 2013లో వందమంది కూడా దాటలేదు. కానీ ఆ సరిహద్దు 240 కిలోమీటర్లే, చుట్టూ ఎడారి, వెనక సైన్యం, దానికి తోడు దాటినవాళ్లను నిర్బంధించే చట్టం. అదే దేశం గాజా చుట్టూ 65 కిలోమీటర్లు, నేల లోపలికి కూడా గోడ దించి, సెన్సర్లు పెట్టి 2021 డిసెంబర్‌లో పూర్తిచేసింది. 2023 అక్టోబర్ 7న హమాస్ వాళ్లు దాన్ని బుల్డోజర్లతో పగులగొట్టుకొని వచ్చారు.

శాన్ డియాగోలో ఆగినవాళ్లు ఇంటికి పోలేదు. అరిజోనా ఎడారి పట్టారు. 2000 సంవత్సరంలో ఒక్క టక్సన్ ప్రాంతంలోనే 6 లక్షల 16 వేల మంది పట్టుబడ్డారు. దాహంతో, ఎండదెబ్బతో చచ్చిపోయినవాళ్లు వేలమంది. వాళ్లూ ఎవరి బిడ్డలో. పాలమూరు, దేవరకొండ నుంచి బొంబాయి రైలెక్కిన వలస కూలీల ముఖాలు తెలిసినవాణ్ని, నాకు ఆ ఎడారి చావులను అంకెలా చదవడం చేతకాదు.

నా సర్వీసులో జరిగిన ఒక సంగతి చెబుతాను. 1993లో నేను పనిచేసిన ఒక సబ్ డివిజన్ స్టోరు యార్డులో సిమెంటు బస్తాలు, ఇనుప సలాకులు మాయమవుతున్నాయి. పైవాళ్లు గోడ శాంక్షన్ చేశారు. ఆరడుగుల ఎత్తు, పైన గాజు పెంకులు. నేనే దగ్గరుండి కట్టించాను. ఎనిమిదో రోజు పొద్దున పోయేసరికి చింతచెట్టు దగ్గర గోడకు కంత. మనిషి వంగి దూరేంత. పూడ్పించాను. మూడు రోజులకు మళ్లీ కంత, అక్కడే. మళ్లీ పూడ్పించాను. మూడోసారి పూడ్చడానికి వచ్చిన మేస్త్రీ పాలమూరు మనిషి. తాపీ కింద పెట్టి, "సారూ, ఇది దొంగలు చేసిన కంత కాదు. దొంగోడైతే రోజుకొక చోట తవ్వుతడు. ఇక్కడ్నే ఎందుకు తవ్వుతున్నరో చూడుండ్రి" అన్నాడు. కంత అంచున ఇటుక మీద పచ్చగా మరక ఉంది. వంగి చూస్తే వరి నారు. అవతల మడులకు నాటు వేయడానికి పోయే ఆడవాళ్లు నెత్తిన నారు కట్టలతో ముందు నుంచీ మా యార్డు నడుమ నుంచే పోయేవాళ్లు. గోడ కట్టాక కిలోమీటరున్నర చుట్టు తిరగాల్సి వచ్చింది. బురద గట్ల మీద, బరువుతో.

ఆ చోట కంత పూడ్పించకుండా దిడ్డి పెట్టించాను. పొద్దున తీసి సాయంత్రం మూసేలా. మళ్లీ ఎవరూ గోడ ముట్టలేదు.

సరుకు మాత్రం పోతూనే ఉంది. చివరికి గేటు రిజిస్టరు ముందేసుకొని మూడు నెలల చీటీలు ఒక్కొక్కటే సరిచూశాను. సిమెంటు పోయింది పట్టపగలు, లారీలో, పెద్ద గేటు నుంచే. చీటీల మీద సంతకాలూ ఉన్నాయి. ఆ రాత్రి అన్నం సయించలేదు. గోడకు పెట్టిన డబ్బులో పదో వంతు పెట్టి గేటు దగ్గర లెక్క తెలిసిన మనిషిని కూర్చోబెట్టి ఉంటే సరిపోయేది. ఆ తర్వాత చేసింది కూడా అదే.

అమెరికాలో కూడా ఫెంటనిల్ మత్తుమందు ఎక్కువగా పట్టుబడుతున్నది గోడ లేని ఎడారిలో కాదు, అధికారులు నిలబడి తనిఖీ చేసే దారుల్లో, కార్లలో, లారీల్లో. వీసా మీద విమానంలో దిగి, గడువు దాటినా తిరిగిపోనివాళ్లు 2023 లెక్కల్లో 5 లక్షలకు పైగా ఉన్నారు. వాళ్లు గోడ ముఖం కూడా చూడలేదు. ఇక గోడ సంగతి చూస్తే, 2019 నుంచి 2021 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో 3,272 సార్లు దాన్ని కోశారని వాళ్ల రికార్డులే చెప్పాయి. కోసింది హార్డ్‌వేర్ షాపులో దొరికే బ్యాటరీ రంపాలతో.

ఇంకో లెక్క ఉంది, నన్ను ఆలోచింపజేసింది అదే. 2023 డిసెంబర్ ఒక్క నెలలో ఆ సరిహద్దున పట్టుబడినవాళ్లు దాదాపు రెండున్నర లక్షలు. 2025 ఫిబ్రవరిలో దాదాపు 8,300. ఈ పద్నాలుగు నెలల్లో గోడ పొడవు పెద్దగా పెరగలేదు. మారింది నియమాలు. ఆశ్రయం అడిగే పద్ధతిని మొదట బైడెన్ 2024 జూన్‌లో బిగించాడు, తర్వాత ట్రంప్ దాదాపు మూసేశాడు. మెక్సికో తన వైపున ఆపింది. ఆ నియమాలు న్యాయమా అన్నది వేరే ప్రశ్న, ప్రాణభయంతో వచ్చినవాణ్ని వినకుండా పంపించడం నాకు మనసొప్పదు. కానీ రాకపోకలు తగ్గింది ఇనుము వల్ల కాదని ఈ అంకెలు చెబుతున్నాయి. 2025 మొదట్లో అక్కడి ఇమిగ్రేషన్ కోర్టుల్లో 35 లక్షలకు పైగా కేసులు పెండింగులో ఉండేవి. జడ్జీలు ఏడొందల దాకానే. ఎవడు ఉండాలో ఎవడు పోవాలో తేల్చడానికి ఏళ్లు పడుతుంటే, ఆ ఏళ్లే జనాన్ని పిలుస్తాయి.

కాబట్టి నా తీర్పు ఇది. పట్నాల దగ్గర, రోడ్లు కలిసేచోట కంచె వేయడం న్యాయమైన ఖర్చు, అక్కడ మీ దోస్తు మాట నిలబడుతుంది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కొండల మీద, నదుల పక్కన నాలుగు లక్షల కోట్లు పరచడం తప్పు ఖర్చు, అక్కడ మీ మాట నిలబడుతుంది. నేనే ఆ ఫైలు మీద కూర్చుంటే సగం సొమ్ము జడ్జీలకూ, గేట్ల దగ్గర తనిఖీ మిషన్లకూ తిప్పుతాను. నిచ్చెన మాట మాత్రం మీరు అంత తేలిగ్గా అనకండి. 30 అడుగుల మీది నుంచి పడి కాళ్లు, వెన్నెముకలు విరిగినవాళ్లతో శాన్ డియాగో ఆసుపత్రులు నిండాయి.

ప్రశ్న: సార్, నేను మహబూబ్‌నగర్‌లో గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. మన దేశ సరిహద్దు కంచెల మీద వ్యాసం రాయాలి. మయన్మార్ సరిహద్దున కొత్తగా కంచె వేయడం సబబేనా?
– ఒక విద్యార్థిని

జవాబు: అంకెలు ముందు రాసుకో అమ్మా. బంగ్లాదేశ్‌తో మన సరిహద్దు 4,096.7 కి.మీ., అందులో 3,200 కి.మీ. పైన కంచె పడింది. పాకిస్తాన్‌తో 3,323 కి.మీ. మయన్మార్‌తో 1,643 కి.మీ. 1985 అస్సాం ఒప్పందంలో కంచె మాట ఉంది, 1986లో బంగ్లాదేశ్ వైపు మొదటి దశ మంజూరైంది. పంజాబ్‌లో 1988లో మొదలుపెట్టారు. జమ్మూ కశ్మీర్‌లో నియంత్రణ రేఖ వెంట దాదాపు 550 కి.మీ. 2004 నాటికి పూర్తిచేశారు. ఈ రెండుచోట్లా ఆయుధాలతో చొరబడేవాళ్లు తగ్గారు. అక్కడ కంచె వెనక ఫ్లడ్ లైట్లు, గస్తీ, రెండున్నర లక్షల మందికి పైగా ఉన్న బీఎస్ఎఫ్, సైన్యం ఉన్నాయి. కంచె ఒంటరిగా లేదు.

పరీక్షలో చాలామంది రాయనిది ఒకటి చెబుతాను. బంగ్లాదేశ్ వైపు మొదటి దశలో వేసిన కంచె తేమకు తుప్పు పట్టి పాడైంది. మూడో దశ పేరుతో 861 కి.మీ. మళ్లీ వేయాల్సి వచ్చింది. ఒకే పనికి రెండుసార్లు బిల్లు. మన దగ్గర సాగర్ కాల్వ షట్టర్లకు గ్రీజు పెట్టక తుప్పు పడితే ఏమవుతుందో చివరి తూము రైతుకు తెలుసు. ఏ ప్రభుత్వమైనా కొత్తదానికి శంకుస్థాపన చేసినంత సంతోషంగా పాతదానికి మెయింటెనెన్స్ ఇవ్వదు. వ్యాసంలో ఈ పాయింటు తప్పకుండా పెట్టు.

రెండోది రైతు సంగతి. 1975 ఒప్పందం ప్రకారం సరిహద్దు రేఖకు 150 గజాల లోపల రక్షణ కట్టడాలు ఉండకూడదు. అందుకే బంగ్లాదేశ్ వైపు కంచె మన భూమిలో లోపలికి జరిగింది. అవతల మన రైతుల పొలాలే మిగిలాయి. పంజాబ్‌లోనూ అంతే. బీఎస్ఎఫ్ వాళ్లు గేటు తీసినప్పుడు పోవాలి, మూసేలోపు రావాలి. మోటరుకు రాత్రి కరెంటు ఇచ్చినా ఆ రైతు పోలేడు. అస్సాంలో ధుబ్రి దగ్గర బ్రహ్మపుత్ర పాయలు పాయలుగా పారేచోట కంచె పాతడానికే లేదు. అక్కడ 61 కి.మీ. మేర 2019 మార్చిలో సెన్సర్లు, కెమెరాలు పెట్టారు. ఇక 2024లో పంజాబ్ సరిహద్దున బీఎస్ఎఫ్ పట్టుకున్న డ్రోన్లు 290కి పైనే. గంజి మీద ఈగలు వాలినట్టు వచ్చే డ్రోనుకు ముళ్లతీగ ఎందుకు అడ్డొస్తుంది?

మయన్మార్ కంచెకూ, దాని వెంట రోడ్లకూ కలిపి 31,000 కోట్లు అంచనా. కిలోమీటరుకు దాదాపు 19 కోట్లు. అక్కడ 2024 దాకా సరిహద్దుకు అటూ ఇటూ 16 కి.మీ. వరకు వీసా లేకుండా తిరిగే పద్ధతి ఉండేది, ఎందుకంటే కుకీలు, నాగాలు, మిజోలు రెండువైపులా చుట్టాలే. కొన్ని ఊళ్లలో గీత ఊరి నడుమ నుంచే పోతుంది. మణిపూర్ గొడవలు, మత్తుమందు, ఆయుధాలు చూసి కేంద్రం 2024లో కంచె వేస్తామంది. ఆయుధాలు వచ్చే దారులు మూయాలి, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ కొండల్లో రోడ్డు ముందు పడాలి, కంచె తర్వాత రావాలి. రోడ్డుంటే జవాను చేరతాడు, దవాఖానాకు పోయే గర్భిణీ కూడా చేరుతుంది. చుట్టాలకు మాత్రం దిడ్డి మూయకూడదు. ఇది నా అభిప్రాయం. నువ్వు ఒప్పుకోకపోతే నీ కారణాలు రాయి, మార్కులు కారణాలకే పడతాయి.

ప్రశ్న: తాతయ్యా, చైనా గోడ అంతరిక్షం నుంచి కనిపిస్తుందా?
– ఎనిమిదో తరగతి, వనపర్తి

జవాబు: మామూలు కంటికి కనిపించదు నాయనా. 2003లో అంతరిక్షానికి వెళ్లిన చైనా వ్యోమగామి యాంగ్ లీవెయ్ కూడా తనకు కనిపించలేదనే చెప్పాడు. కానీ మన భారత్-పాకిస్తాన్ సరిహద్దు రాత్రిపూట కనిపిస్తుంది. కంచె కాదు, దాని వెంట వెలిగే ఫ్లడ్ లైట్లు. అంతరిక్ష కేంద్రం నుంచి 2011లో తీసిన ఫొటోలో నారింజరంగు గీతలా ఉంటుంది. మీ సార్‌ను అడిగి కంప్యూటర్‌లో చూడు. అన్ని దీపాలు రాత్రంతా వెలగాలంటే కరెంటు బిల్లు ఎంతవుతుందో అది కూడా అడుగు.

ప్రశ్న: మీరు డ్యాం మనిషి కాబట్టి అడుగుతున్నాను. 2023లో నాగార్జునసాగర్ డ్యాం మీద ముళ్లకంచె వేశారు కదా. అది చూసి మీకేమనిపించింది?
– హిల్ కాలనీ నివాసి

జవాబు: 2023 నవంబర్ 30, మన దగ్గర పోలింగు రోజు. తెల్లవారకముందే ఫోన్లు మొదలయ్యాయి. 26 గేట్లలో 13వ గేటు దగ్గర ఆంధ్ర పోలీసులు ముళ్లకంచె వేశారని. కుడి కాల్వకు నీళ్లు వదిలారని. నేను టీవీ ముందు నిలబడే చూశాను, కూర్చోబుద్ధి కాలేదు.

1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాం అది. ఎక్కువ భాగం మిషన్లతో కాదు, రాయి మీద రాయి పెట్టి మనుషులు కట్టింది. పాలమూరు వడ్డెరల చేతులు, గుంటూరు మేస్త్రీల చేతులు ఒకే సున్నంలో మునిగాయి. 1967లో రెండు కాల్వలకూ నీళ్లు వదిలారు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు గేజి రీడింగు రాయడం నేర్పిన పెద్దాయన మాచర్ల మనిషి. 13వ గేటు దాకా మాది, 14 నుంచి మీది అని ఎవరైనా ఆయనతో అని ఉంటే చేతిలో టార్చిలైటు విసిరి కొట్టేవాడు.

కంచె వల్ల ఒక్క క్యూసెక్కు ఎక్కువా రాలేదు, ఒక్క క్యూసెక్కు తక్కువా కాలేదు. నీళ్లు పంచేది గేటు, గేజి, ఒప్పందం. కేంద్రం కలగజేసుకొని నవంబర్ 28 నాటి స్థితికి పొమ్మంది, డ్యాం మీదికి సీఆర్‌పీఎఫ్ వచ్చింది. జవాన్లకు జీతం, బస, బండ్లు అన్నీ ఖర్చే. ఆ డబ్బుతో రెండువైపులా టెలిమెట్రీ మిషన్లు బిగించి, ఏ తూము నుంచి ఎంత పోతోందో రైతు ఫోన్‌లో చూసుకునేలా చేయొచ్చు. తగువు తెంపేది కొలతే.

మా నాన్న నిజాం కాలంలో వాడపల్లి రేవులో పుట్టి పడవ ఎక్కి కృష్ణ దాటేవాడట. అవతల మద్రాసు ఇలాకా, ఇవతల కరోడ్‌గిరి నాకా. సరుకుకు సుంకం కట్టాలి. నాకా సిపాయిలు రేవు దగ్గర కాపలా ఉంటే, జనం పొగాకు కట్టలు పట్టుకొని రెండు మైళ్లు పైన మెట్ల మడుగు దగ్గర దాటేవాళ్లట. హైదరాబాద్ రాష్ట్రం విలీనమయ్యాక సుంకం పోయింది. సుంకం పోయిన మరునాటి నుంచి మడుగు దగ్గర దాటేవాడే లేడు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఎం.ఎస్. పూర్తి చేశాడు. ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం అక్కడ పనిచేసుకునే అనుమతి) అయిపోవస్తోంది, ఉద్యోగం దొరకలేదు. గోడలు కడుతున్నారు, పట్టుకొని పంపిస్తున్నారు అని టీవీలో చూసి టెన్షన్‌తో మాకు నిద్ర లేదు. పాతిక లక్షలు అప్పు. టైమైపోయినా అక్కడే ఉండిపొమ్మని కొందరు సలహా ఇస్తున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, కల్వకుర్తి

జవాబు: మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ గోడ మీ అబ్బాయికి సంబంధించింది కాదు, ముందు ఆ భయం తీసేయండి. అతను వీసాతో గేటు నుంచి పోయినవాడు. 2025 ఫిబ్రవరి 5న 104 మందిని సంకెళ్లతో సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దించారు చూడండి, వాళ్లలో ఎక్కువమంది ఏజెంట్లను నమ్మి అడవులు, నదులు దాటి పోయినవాళ్లు. మీ అబ్బాయి దారి అది కాదు, దాన్ని అలా కానివ్వకండి.

అతనికి తేదీలే గోడ. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు. ఓపీటీ గడువు ముగిశాక సర్దుకొని బయల్దేరడానికో, వేరే కోర్సుకు మారడానికో 60 రోజులు ఇస్తారు. చదివింది సైన్సు, ఇంజినీరింగు కోవలోది అయితే, అర్హత ఉన్న కంపెనీలో ఉద్యోగం దొరికితే ఇంకో 24 నెలలు పొడిగింపు అడగొచ్చు, కానీ గడువు ముగియకముందే దరఖాస్తు పడాలి. ఇవన్నీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి తెలుసు. అతను పోయి వాళ్ల ముందు కూర్చోవాలి, వాట్సాప్ గ్రూపుల్లో అడిగి సరిపెట్టుకోకూడదు.

ఉండిపొమ్మన్నవాళ్ల మాట వినకండి. అక్కడ చట్టవిరుద్ధంగా ఉన్న కాలం 180 రోజులు దాటి లెక్కకొస్తే, బయటికొచ్చాక మూడేళ్లు మళ్లీ రానివ్వరు. ఏడాది దాటితే పదేళ్లు. 26 ఏళ్ల కుర్రాడికి పదేళ్లంటే ఎంతో మీకు తెలుసు. అప్పు భారమే, కాదనను. కానీ చదువుతో తిరిగొచ్చినవాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి మెల్లగా తీర్చగలడు. బ్యాంకు వాళ్లతో మాట్లాడి వాయిదాలు చిన్నవి చేయించుకోవడం మీరు ఈ వారమే మొదలుపెట్టండి.

ఇంకొక్క మాట. ఈ రాత్రి వాడు ఫోన్ చేసినప్పుడు అప్పు ఊసెత్తకండి. తిన్నాడా అని అడగండి, తర్వాత ఓపీటీ కార్డు మీద గడువు తేదీ ఎంతుందో చదివి వినిపించమనండి. ఆ తేదీ రాసి నాకు ఇంకో ఉత్తరం వేయండి.